మొదటి ఉద్యోగిని పెట్టుకునే ముందు

వచ్చే మనిషి ఉద్యోగి కిందకొస్తారా, కాంట్రాక్టరు కిందకొస్తారా అన్నది ముందు తేల్చుకోండి. పని వేళలు, పద్ధతి మీరే నిర్ణయిస్తూ పనిముట్లు కూడా మీరే ఇస్తుంటే, కాగితం మీద ‘కాంట్రాక్టరు’ అని రాసుకున్నా చట్టం చాలాచోట్ల ఉద్యోగిగానే చూస్తుంది. అది తర్వాత బయటపడితే పాత బకాయిలు, వడ్డీ, జరిమానా మీ నెత్తిన పడతాయి.

యజమానిగా పన్నుల శాఖలో, సామాజిక భద్రతా సంస్థలో నమోదు చేసుకోండి. నంబరు రావడానికి సమయం పట్టొచ్చు, జీతం తేదీ దాకా ఆగొద్దు. ప్రమాద బీమా తప్పనిసరైన చోట అది మనిషి పనిలోకి దిగేసరికే అమల్లో ఉండాలి.

చాలామంది దెబ్బతినేది లెక్క దగ్గరే. ఉదాహరణకు జీతం 100 అనుకుందాం. పన్ను 10, సామాజిక భద్రతకు ఉద్యోగి చందా 5 పట్టుకుంటే చేతికిచ్చేది 85. ఆ భద్రతకే యజమానిగా మీ వాటా ఇంకో 10 అయితే మీకయ్యే ఖర్చు 110. పట్టుకున్న 15 మీ డబ్బు కాదు, ఆ శాఖకు, సంస్థకు గడువులోగా కట్టాల్సింది. దానికి మీ 10 కలిపి, జీతమిచ్చిన రోజే 25 వేరే ఖాతాలో వేసేయండి. అద్దెకో సరుకుకో వాడేశారా, గడువు రోజున ఇరుక్కుంటారు.

నియామక పత్రంలో జీతం, పని గంటలు, సెలవులు, నోటీసు గడువు రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ జీతం చట్టం చెప్పే కనీస వేతనానికి తగ్గకూడదు. హాజరు పట్టీ మొదటి రోజు నుంచే రాయండి.