లైనక్స్‌కి మారదాం – 4వ పాఠం: ముందు తెలుగు సంగతి తేల్చుకుందాం

పోయిన పాఠంలో పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ మింట్ 22 (విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడిపి చూశాం. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేశాయో లేదో ఒక కాగితం మీద రాసుకోమన్నాను. దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి, ఇన్‌స్టాల్ చేసే రోజున కావాలి. ఇవాళ ఇంకా ఇన్‌స్టాల్ జోలికి పోవడం లేదు. పెన్‌డ్రైవ్ మీదే ఉండి తెలుగు రాయడం నేర్చుకుందాం.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిశాక, పాత ల్యాప్‌టాప్ పారేయడం ఇష్టంలేక లైనక్స్ వైపు చూసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. కొందరు వారం తిరగకుండానే వెనక్కి వెళ్లిపోయారు. అడిగితే అందరూ దాదాపు ఒకే మాట చెప్పారు: తెలుగు టైప్ చేయడం కుదరలేదు, పాత తెలుగు ఫైళ్లు సరిగ్గా తెరుచుకోలేదు. అందుకే ఈ పాఠాన్ని ఇన్‌స్టాల్ కంటే ముందు పెట్టాను.

ఇంకో కారణం కూడా ఉంది. మీరు కొట్టే ప్రతి అక్షరం కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ గుండానే వెళుతుంది. ఆధార్ నంబర్, బ్యాంకు పాస్‌వర్డ్, ఇంట్లోవాళ్లకు రాసే ఉత్తరం, అన్నీ. ఒకసారి మా ఇంటి భాగ పంపకాల పత్రం ముసాయిదా మొత్తం, సర్వే నంబర్లతో సహా, ఒక ఆన్‌లైన్ తెలుగు టైపింగ్ పేజీలో కొట్టాను. అక్షరాల మార్పిడి అంతా ఆ సైట్ సర్వర్‌లో జరుగుతోందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏమీ జరగకపోయి ఉండవచ్చు, కానీ నా కుటుంబం వివరాలు ఎక్కడికి వెళ్లాయో నాకు తెలియకుండా పోయింది. ఇవాళ మనం పెట్టుకునే పద్ధతిలో ఇంటర్నెట్ తీసేసినా తెలుగు వస్తుంది.

మెనూలో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి, ఇంగ్లీషులో ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n, తెలుగు టైపింగ్ పద్ధతులు ఇచ్చే సాఫ్ట్‌వేర్) అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత మెనూలోనే ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్‌ను ఎంచుకుని, లాగ్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి. పెన్‌డ్రైవ్ మీద ఉన్నారు కాబట్టి యూజర్ పేరు మింట్, పాస్‌వర్డ్ ఖాళీ. రీస్టార్ట్ మాత్రం చేయకండి. చేస్తే ఇప్పటిదాకా పెట్టుకున్నదంతా చెరిగిపోతుంది.

ఇప్పుడు ఐబస్ ప్రిఫరెన్సెస్ తెరిచి, ఇన్‌పుట్ మెథడ్ ట్యాబ్‌లో యాడ్ నొక్కి, భాషల్లో తెలుగు చూడండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్, పోతన లాంటి పేర్లు కనిపిస్తాయి. లేఖిని (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేసే వెబ్‌సైట్)లో రాసిన అలవాటు ఉన్నవాళ్లు ఆర్‌టీఎస్ తీసుకోండి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఈ పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, పేరులో మొదటి అక్షరం దానిదే. చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా ఇందులో ముఖ్యం. చిన్న ఏ కొడితే అ, పెద్ద ఏ కొడితే ఆ. చిన్న టీ అయితే త, పెద్ద టీ అయితే ట. సూపర్ కీ (విండోస్ బొమ్మ ఉన్న కీ) పట్టుకుని స్పేస్ నొక్కితే తెలుగుకీ ఇంగ్లీషుకీ మధ్య మారవచ్చు.

నా మాట నమ్మాల్సిన పని లేదు, కళ్లతో చూడండి. ఫైల్ సిస్టమ్‌లో యూఎస్‌ఆర్, అందులో షేర్, అందులో ఎం17ఎన్ ఫోల్డర్‌కి వెళ్లి, టీఈ-ఆర్‌టీఎస్ అనే ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. ఏ ఇంగ్లీషు అక్షరానికి ఏ తెలుగు అక్షరం అన్న పట్టిక కనిపిస్తుంది. మీ కీబోర్డ్ ఏం చేస్తోందో మీరే చదువుకోగలగడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇన్‌స్క్రిప్ట్. ఇది మన దేశ ప్రమాణం, 1991 నాటి ఐఎస్ 13194లో ఉంది. దీనికి ఐబస్ కూడా అక్కర్లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్‌కి వెళ్లి, ప్లస్ నొక్కి, తెలుగు కలుపుకుంటే చాలు. (కగప, సరళ అని పక్కన ఉన్నవి వేరే రకాలు.) అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. గుణింతం గుర్తు మామూలుగా నొక్కితే, అదే కీ షిఫ్ట్‌తో నొక్కితే అచ్చు. అల్పప్రాణం మామూలుగా, మహాప్రాణం షిఫ్ట్‌తో: కె కీ మీద క, ఖ. ఐ మీద గ, ఘ. ఓ మీద ద, ధ. హెచ్ మీద ప, ఫ. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వర్ణమాల లెక్కే కాబట్టి చేతికి త్వరగా పడుతుంది. హిందీ క కూడా అదే కీ మీద ఉంటుంది. విండోస్‌లోనూ ఇదే లేఅవుట్ ఉంది, కనుక నేర్చుకున్నది ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

ఇప్పుడు చేతితో చేయండి. ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. "తెలుగు" వచ్చిందా? డి అంటే పొల్లు, షిఫ్ట్ డి అంటే అ. షిఫ్ట్ డి, సి, డి, సి కొడితే "అమ్మ". ఒత్తు ఎలా వస్తుందో ఈ ఒక్క మాటతో అర్థమవుతుంది: మ, పొల్లు, మ. రోజుకు పావుగంట చొప్పున రెండు వారాలు కూర్చోండి, కీబోర్డ్ చూడకుండా రాయడం మొదలవుతుంది.

ఒక చిక్కు చెప్పాలి. "సాఫ్ట్‌వేర్" అని రాయబోతే "సాఫ్ట్వేర్" అని వ కిందికి వెళ్లిపోతుంది. పొల్లును పొల్లుగా నిలపాలంటే దాని తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. పొల్లు కొట్టాక ఇంగ్లీషుకి మారి, కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి వదిలి, 200 తర్వాత సి కొట్టి ఎంటర్ నొక్కండి. మళ్లీ తెలుగుకి వచ్చి వే రాయండి. మొదట్లో విసుగే, కానీ రాసింది శుభ్రంగా ఉండాలంటే తప్పదు.

ఇక ఫాంట్లు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫాంట్స్-తెలుగువిజయం (fonts-teluguvijayam) అని వెతకండి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, రామభద్ర, పొన్నాల, సూరన్న వంటివి ఒకేసారి వస్తాయి. ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా (fonts-telu-extra)లో పోతన2000, వేమన2000 ఉంటాయి. అన్నీ ఉచితం, స్వేచ్ఛగా పంచుకోవచ్చు. పుస్తకం లోపలి పేజీలకు నేను మండలి వాడతాను.

లిబ్రేఆఫీస్ రైటర్‌లో కొత్తవాళ్లకు తప్పకుండా టెన్షన్ పెట్టే సంగతి ఒకటుంది. ఇంగ్లీషు ఫాంట్ వేరు, తెలుగు ఫాంట్ వేరుగా అది గుర్తుపెట్టుకుంటుంది. టూల్స్‌లో ఆప్షన్స్, భాషల సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. తర్వాత రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్‌లో మండలి, సైజు 14 పెట్టండి. ఇది చేయకుండా సైజు మార్చబోయి "ఇంగ్లీషే పెరుగుతోంది, తెలుగు కదలడం లేదు" అని వదిలేసినవాళ్లు ఉన్నారు.

విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన వర్డ్ ఫైల్ ఇక్కడ తెరిస్తే అక్షరాలు బాగానే ఉంటాయి, కానీ ఆ ఫాంట్ లేదు కనుక వేరేది వచ్చి కూర్చుంటుంది, పేజీలు జరుగుతాయి. ఎవరికైనా చదవడానికి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి, ఫాంట్ అందులోనే వెళుతుంది.

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేయించిన ఫైళ్ల సంగతి వేరు. అవి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం) కావు. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంట్ లేని చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఫైల్ పాడైందని తీసేయకండి. విండోస్ ఉండగానే పీడీఎఫ్ చేసి దాచండి, అవసరమైనవి యూనికోడ్‌లోకి మార్పించుకోండి. మీ బతుకుతెరువే పేజ్‌మేకర్ (డీటీపీ సెంటర్లలో పేజీలు కూర్చే విండోస్ సాఫ్ట్‌వేర్) మీద ఉంటే విండోస్ తీసేయవద్దని నిక్కచ్చిగా చెబుతున్నాను. పక్కన లైనక్స్ పెట్టుకుని, మిగతా పనులు ఇందులో చేసుకోండి.

వచ్చే పాఠంలోపు మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన ఏదైనా ఒక సంగతి, ఊరి చెరువు గురించో, పచ్చడి పట్టే తీరు గురించో, వైఫై ఆపేసి ఒక పేజీ రాయండి. పీడీఎఫ్‌గా మార్చి వేరే పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి, లేకపోతే కంప్యూటర్ ఆపగానే పోతుంది. పాత తెలుగు ఫైళ్లలో ఏవి యూనికోడ్, ఏవి కావో కూడా ఆ కాగితం మీదే రాయండి. 5వ పాఠంలో హార్డ్‌డిస్క్ బ్యాకప్, పార్టిషన్లు (డిస్క్‌ను భాగాలు చేయడం) చూద్దాం.