కొత్త చిన్న కారు సర్వీసింగ్: షోరూమ్ బిల్లు అనవసరంగా పెరగకుండా ఎలా చూసుకోవాలి?

కారు అమ్మేటప్పుడు “మూడు సర్వీసులు ఫ్రీ” అంటారు. ఆ ఫ్రీ లేబర్‌కి మాత్రమే. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ లాంటివి మార్చాల్సి వస్తే వాటి డబ్బు మనమే కట్టాలి. నాలుగో సర్వీసు నుంచి లేబర్ కూడా మన మీదే పడుతుంది. అయినా ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగే చిన్న పెట్రోల్ కారుకు మొదటి రెండు మూడేళ్లలో నిజంగా చేయాల్సిన పని చాలా తక్కువ. బిల్లు పెరిగేది ఎక్కువగా ఆ పని పక్కన చేరే అదనపు ఐటమ్స్ వల్లే.

1. ముందు మాన్యువల్‌లో పట్టిక తీయండి

ఓనర్స్ మాన్యువల్ చివర్లో మెయింటెనెన్స్ షెడ్యూల్ ఉంటుంది. పైన కిలోమీటర్లు, నెలలు, ఎడమవైపు భాగాల పేర్లు, గడుల్లో అక్షరాలు. ‘ఆర్’ అని ఉంటే మార్చాలి. ‘ఐ’ అని ఉంటే చూసి, శుభ్రం చేసి, అవసరమైతేనే మార్చాలి. మీ సర్వీసు నిలువు వరుసలో ‘ఆర్’ ఉన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. మీరు తప్పనిసరిగా డబ్బు పెట్టాల్సిన జాబితా అదే.

మారుతీ చిన్న కార్లకు ఫ్రీ సర్వీసులు 1,000, 5,000, 10,000 కిలోమీటర్లకు, లేదా 1, 6, 12 నెలలకు, ఏది ముందైతే అప్పుడు వస్తాయి. ఆ తర్వాత ప్రతి 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి. మిగతా కంపెనీల లెక్క వేరు కాబట్టి మీ మాన్యువల్‌నే నమ్మండి. బండి తక్కువ తిరిగిందని గడువు దాటించొద్దు. రేపు వారంటీ అడిగినప్పుడు సర్వీస్ రికార్డే మీ ఆధారం.

మాన్యువల్‌లో దుమ్ము రోడ్లు, చిన్న చిన్న దూరాల ప్రయాణాల్లాంటి కఠిన వాడకానికి ఇంకో పట్టిక ఉంటుంది. ఊళ్లో సాధారణంగా తిరిగే కారుకు కూడా దాన్ని చూపించి ఎయిర్ ఫిల్టర్ ముందే మార్పిస్తామంటే, ఫిల్టర్ తీసి చూపించమనండి. దుమ్ము దులిపితే పోయేలా ఉంటే ఇంకా వాడొచ్చు.

2. ఎస్టిమేట్ ఇంట్లోనే వేసుకోండి

పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో సర్వీస్ ఖర్చు లెక్కవేసే పేజీ ఉంటుంది. మోడల్, ఊరు, కిలోమీటర్లు ఇస్తే సుమారు మొత్తం చూపిస్తుంది. లేబర్ రేటు ఊరిని బట్టి మారుతుంది కాబట్టి మీ ఊరే ఎంచుకోండి. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే కౌంటర్ దగ్గర పనికొస్తుంది.

లెక్క ఎలా నడుస్తుందో ఊహించిన రేట్లతో చూద్దాం. ఆయిల్ 3 లీటర్లు, లీటరు 450 చొప్పున 1,350. ఫిల్టర్ 120, వాషర్ 20, లేబర్ 1,800. మొత్తం 3,290, 18 శాతం జీఎస్టీతో దాదాపు 3,880 రూపాయలు. ఇప్పుడు దీనికి ఏసీ డిసిన్ఫెక్షన్ 900, ఇంజిన్ డ్రెస్సింగ్ 500, ఇంటీరియర్ క్లీనింగ్ 1,200, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 700 కలపండి. ఇవి 3,300, పన్నుతో 3,890 పైమాటే. అంటే షెడ్యూల్‌లో లేని నాలుగు పనులతో బిల్లు రెట్టింపయింది.

పాత బిల్లుతో పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. లేబర్ మీద ముందు నుంచీ 18 శాతమే.

3. జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు

జాబ్ కార్డు అంటే మీ బండికి చేయబోయే పనుల జాబితా. డబ్బు విషయం తేలిపోయేది ఇక్కడే. సర్వీస్ అడ్వైజర్ టాబ్‌లో టిక్కులు పెట్టుకుంటూ పోతారు. తొందరలో ఓటీపీ చెప్పేస్తే ఆ టిక్కులన్నిటికీ ఒప్పుకున్నట్టే. కాబట్టి ఎస్టిమేట్‌ని లైన్ లైన్‌గా చదివించుకోండి. మీ కాగితంలో లేనిది కనిపిస్తే “ఇది షెడ్యూల్‌లో ఉందా సార్?” అని అడగండి. లేదంటే తీసేయమనండి. మొహమాటపడొద్దు, రోజూ ఎవరో ఒకరు అడిగేదే.

తర్వాత ఈ మూడూ జాబ్ కార్డులోనే రాయించండి: ఫోన్ చేసి అడగకుండా అదనపు పని చేయొద్దు, మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టాలి, బండిలో ఉన్న ఇబ్బందులు ఇవీ. ఇబ్బందిని మీ మాటల్లోనే రాయించండి. “సస్పెన్షన్ చెక్” అని కాదు, “స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమవైపు టక్ మని శబ్దం” అని. వారంటీలో ఉండగానే ఫిర్యాదు చేశారనడానికి ఆ తేదీ రుజువు. 2024 జూలై నుంచి మారుతీ ప్రామాణిక వారంటీ 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. ఇలాంటి ఫిర్యాదు కాగితం మీద లేకపోతే ఆ గడువు చివర్లో వాదన మొదలవుతుంది.

4. దేనికి ఒప్పుకోవాలి, దేన్ని వద్దనాలి

ఇంజిన్ ఫ్లష్: పది ఇరవై వేలు తిరిగిన, సమయానికి ఆయిల్ మార్చిన ఇంజిన్‌లో కడగాల్సినంత మడ్డి ఉండదు. పైగా ఫ్లష్ ద్రవం కొంత లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. డీకార్బనైజేషన్ (ఇంజిన్ లోపలి మసి తీయడం), ఇంజెక్టర్ క్లీనింగ్ కూడా అంతే. బండి వణుకుతుంటేనో, పికప్ తగ్గితేనో ఆలోచించొచ్చు. ఇంజిన్ డ్రెస్సింగ్ కేవలం మెరుపు కోసం.

వీల్ అలైన్‌మెంట్: స్టీరింగ్ ఒకవైపు లాగితే, టైరు ఒక అంచున అరిగితే, పెద్ద గుంతలో పడితే చేయించండి. టైర్ రొటేషన్ (టైర్ల స్థానాలు మార్చి వేయడం) మాత్రం మాన్యువల్ చెప్పిన దూరానికి తప్పక చేయించాలి.

అండర్‌బాడీ కోటింగ్: హైదరాబాద్‌లో తిరిగే కొత్త కారుకు పెద్దగా అవసరం లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అర్థం ఉంది. కాకపోతే తలుపుల కింద నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడమని చెప్పండి. మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి తుప్పు అక్కణ్నుంచే మొదలవుతుంది.

క్యాబిన్ ఏసీ ఫిల్టర్ చాలా చిన్న కార్లలో గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది. బాక్స్ రెండు పక్కలా నొక్కి దించితే కనిపిస్తుంది. కొని మీరే వేసుకోవచ్చు. వైపర్ బ్లేడ్లూ అంతే.

బ్రేక్ ఫ్లూయిడ్‌ని మాత్రం వాయిదా వేయొద్దు. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోయి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడుతుంది. షెడ్యూల్‌లో ‘ఆర్’ వచ్చిన రోజే మార్పించండి.

5. బండి తీసుకునేటప్పుడు

డబ్బు కట్టకముందే బానెట్ తెరిపించండి. బండి సమతలం మీద ఉండాలి, ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలు కావాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే ఆయిల్ రెండు గుర్తుల మధ్య కనిపించాలి. పై గుర్తు దాటితే కొంత తీయించండి. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ సరిగా లూబ్రికేట్ చేయలేదు.

బిల్లులో ఆయిల్ పరిమాణాన్ని మాన్యువల్‌తో పోల్చండి. మాన్యువల్ 3.1 లీటర్లు అంటే బిల్లులో 3.5 ఎందుకు? సీల్డ్ డబ్బాలు వాడితే మిగిలింది మీదే, అడిగి తీసుకోండి. గ్రేడ్ (ఆయిల్ చిక్కదనం చెప్పే గుర్తు) కూడా చూడండి. 0డబ్ల్యూ-16 చెప్పిన ఇంజిన్‌కి వేరేది పోసి ఉండకూడదు. “కన్స్యూమబుల్స్”, “మిస్లేనియస్” అని ఉత్తి పేరుతో ఉన్న లైన్లకు వివరం అడగండి. లేబర్ మీద 10 శాతం డిస్కౌంట్ ఇచ్చామంటే, పైన చెప్పిన లెక్కలో అది 180 రూపాయలు.

చెప్పని పని చేసి బిల్లు వేస్తే, జాబ్ కార్డు కాపీ చూపించి సర్వీస్ మేనేజర్‌తో మాట్లాడండి. తేలకపోతే బిల్లు, జాబ్ కార్డు ఫొటోలతో కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. అక్కడా స్పందన లేకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. షోరూమ్ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తే, సమస్య తీరేదాకా “అంతా బాగుంది” అని చెప్పొద్దు.