షార్ట్ షిఫ్టర్ వేశాక గేర్ జారుతోందా? గేర్‌బాక్స్ దింపే ముందు ఇవి చూడండి

అమెరికాలో మాన్యువల్ గేర్ పికప్‌లు అంతరించిపోతున్నాయి. ఫోర్డ్ రేంజర్‌లో మాన్యువల్ 2011తో ఆగిపోయింది. జీప్ గ్లాడియేటర్‌లో 2024 మోడల్ దాకా ఉండి, 2025లో పోయింది. కొత్త బండి కావాలంటే ఇప్పుడు టయోటా టకోమా ఒక్కటే దిక్కు. ఇంత కష్టపడి మాన్యువల్ సంపాదించుకున్నవాళ్లకు ఫ్యాక్టరీ గేర్ రాడ్ పొడవుగా, గరిటె తిప్పినట్టు అనిపిస్తుంది. ఒకటి నుంచి రెండుకు చెయ్యి అంత దూరం పోవడం నచ్చక, ఆ దూరం తగ్గించే షార్ట్ షిఫ్టర్ కొంటారు, శనివారం బిగించుకుంటారు. వారం తిరక్కుండానే "గేర్ పడట్లేదు", "గేర్ నిలవట్లేదు", "గేర్‌బాక్స్ పోయినట్టుంది" అని ఫోన్లు మొదలవుతాయి. వాటిలో గేర్‌బాక్స్ నిజంగా పాడైనవి చాలా తక్కువ.

బూట్ (గేర్ రాడ్ చుట్టూ ఉండే తొడుగు) ఊడదీయడం, బోల్టులు విప్పడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. గేర్‌బాక్స్ పైన కన్నం తెరిచి ఉన్నంతసేపూ అందులో గుడ్డ కుక్కి ఉంచడం మాత్రం మరవకండి.

ముందు మీరు వేసింది ఏ రకమో తెలుసుకోండి

బజారులో దొరికేవన్నీ మూడు పద్ధతుల్లో పని చేస్తాయి. మొదటిది, పివట్ బాల్ (రాడ్ ఊగడానికి ఆధారమైన గుండు) పైన ఉన్న రాడ్ పొడవు తగ్గించడం. రెండోది, మధ్యలో స్పేసర్ పెట్టి పివట్‌నే పైకి లేపడం. మూడోది, పివట్ కింద భాగం పొడవు పెంచి రాడ్ మొత్తం కొత్తగా చేయడం. గేర్‌బాక్స్ లోపల రాడ్ నెట్టే కడ్డీ, అంటే షిఫ్ట్ రైల్, కదలాల్సిన దూరం మూడింటిలోనూ మారదు. మారేది పివట్‌కు పైనా కిందా ఉన్న పొడవుల నిష్పత్తి ఒక్కటే. అందుకే చేతి దూరం 30 శాతం తగ్గితే చెయ్యి పెట్టాల్సిన బలం దాదాపు 43 శాతం పెరుగుతుంది. ఏ కంపెనీదైనా ఈ లెక్క తప్పదు. "దూరం తగ్గింది, గేర్ కూడా తేలికగా పడుతోంది" అని ఎవరైనా చెబితే, వాళ్ల పాత రాడ్ బుష్‌లు అరిగిపోయి ఉండి, షిఫ్టర్‌తో పాటు అవి కూడా కొత్తవి పడ్డాయని అర్థం.

కాబట్టి గేర్ కొంచెం గట్టిగా పడటం సమస్య కాదు. కింద రాసినవి సమస్యలు.

లక్షణం: ఒకటో గేరు, రివర్స్ పడటం లేదు, లేదా గరగరమంటోంది

ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు హాయిగా పడి, స్టార్ట్ చేశాక మొండికేస్తే షిఫ్టర్‌కు సంబంధం లేదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా షిఫ్టర్ విప్పి మళ్లీ బిగించేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. అర నిమిషం కూడా పట్టదు కదా!

క్లచ్ పెడల్ కింద చెయ్యి పెట్టి చూడండి. మంచుకాలంలో కార్పెట్ మీద మందపాటి రబ్బరు మ్యాట్, దాని మీద ఇంకోటి వేస్తారు. పెడల్ చివరి అంగుళం దిగదు. మ్యాట్ తీసేస్తే బాగైన బండ్లు చాలానే ఉన్నాయి. తర్వాత క్లచ్ ఫ్లూయిడ్ మట్టం, ఆపైన లైన్‌లో గాలి. పాత రేంజర్లలో, పెడల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ ముందు బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గుల్ల) లోపల ఉంటుంది. అది కారినా బయటికి వెంటనే కనబడదు. ఫ్లూయిడ్ తగ్గుతూ ఉండి, ఎక్కడా తడి కనబడకపోతే దాన్నే అనుమానించండి.

క్లచ్ తొక్కి అయిదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ గరగరలాడితే ఇక సందేహం అక్కర్లేదు, క్లచ్చే.

లక్షణం: న్యూట్రల్‌లో రాడ్ అటూ ఇటూ వదులుగా ఊగుతోంది

చాలామంది షార్ట్ షిఫ్టర్ కొనేదే ఈ ఊగుడు పోతుందని. షిఫ్టర్‌తో ఊగుడు పోదు. రాడ్ అడుగు కొసకు తొడిగే చిన్న ప్లాస్టిక్ సీటు, పివట్ బాల్ చుట్టూ ఉండే బుష్ అరిగితే వచ్చే వదులు అది. 1980ల, 90ల టయోటా పికప్‌లలో, మొదటి తరం టకోమాలలో ఇది మామూలే. ఏళ్లు గడిచేసరికి ఆ కొస సీటు పెళుసుబారి ముక్కలైపోతుంది. కొన్నిసార్లు అసలు సీటే కనబడదు, ముక్కలు గేర్‌బాక్స్ అడుగున ఉంటాయి. ఆ పాత టయోటాలలో చాలావాటికి రాడ్ తీయడం సులువు. బూట్ కింద ఉండే మూతను కిందికి నొక్కి తిప్పితే రాడ్ చేతికి వచ్చేస్తుంది. కొత్త సీట్లకు అయ్యే ఖర్చు షార్ట్ షిఫ్టర్ ధరలో చిన్న వంతు.

షిఫ్టర్ కొనాలనుకుంటున్నవాళ్లు ముందు ఈ సీట్లు మార్చి నెల రోజులు నడిపి చూడండి. సగం మందికి ఆ తర్వాత షార్ట్ షిఫ్టర్ మీద మోజు ఉండదు.

లక్షణం: బరువు మీద, ఎత్తు ఎక్కుతుంటే మూడో గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది

అసలు ఇదంతా రాయడానికి కారణం ఈ సమస్యే. దీన్ని గేర్‌బాక్స్ రోగం అనుకుని బాక్స్ దింపించి, విప్పించి, లోపల ఏమీ లేదని తెలుసుకుని తిరిగి ఎక్కించుకున్నవాళ్లున్నారు. బిగించాక మళ్లీ అదే జారుడు. ఎందుకంటే కారణం గేర్‌బాక్స్‌లో లేదు, క్యాబిన్‌లో ఉంది.

ట్రక్ నిర్మాణం ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి ఛాసిస్ మీద రబ్బరు మౌంట్ల పైన కూర్చుంటాయి. క్యాబిన్ అదే ఛాసిస్ మీద తన సొంత రబ్బరు మౌంట్ల పైన కూర్చుంటుంది. అంటే గేర్‌బాక్స్‌కూ మీ సెంటర్ కన్సోల్‌కూ (సీట్ల మధ్య ఉండే ప్లాస్టిక్ పెట్టె) మధ్య రెండు పొరల రబ్బరు ఉంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్, గేర్‌బాక్స్ జత ఒక పక్కకు ఒరుగుతుంది. గేర్ రాడ్ గేర్‌బాక్స్‌కు బిగించి ఉంటుంది కాబట్టి అదీ దానితో పాటే ఒరుగుతుంది. కన్సోల్, నేల, లోపలి రబ్బరు బూట్, పైన తోలు బూట్ క్యాబిన్‌తో పాటు ఉండిపోతాయి. చిన్న గేర్లలో, నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే ఫోర్ లోలో ఈ ఒరుగుడు ఇంకా ఎక్కువ, ఎందుకంటే మౌంట్లు ఆపుకోవాల్సింది ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు వెళ్లే టార్క్‌ను, అది అప్పుడే అత్యధికం.

ఫ్యాక్టరీ రాడ్‌ను ఈ కదలిక లెక్కలోకి తీసుకునే వంచి తయారుచేస్తారు, చుట్టూ ఖాళీ వదులుతారు. షార్ట్ షిఫ్టర్ వేశాక పివట్ ఎత్తు మారింది, రాడ్ వంపు మారింది, రాడ్ నేల కన్నాన్ని దాటే చోటు మారింది. మూడో గేరు వేసినప్పుడు రాడ్ ముందుకెళ్లి కన్సోల్ అంచుకో, కిందున్న దళసరి రబ్బరు బూట్ మడతకో ఆనుకుంటుంది. గేర్ తొంభై శాతం పడింది. చేతికి మాత్రం పూర్తిగా పడినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే రాడ్ ఇంక ముందుకు కదలదు. కదలనివ్వనిది గేర్‌బాక్స్ లోపలి ఆపు కాదు, ప్లాస్టిక్ అంచు.

గేరును పట్టి ఉంచే చిన్న పళ్లకు, అంటే డాగ్ పళ్లకు, వెనక్కి కొద్దిగా వాలు ఉంటుంది. వాటి మీదికి జరిగే రింగు, అంటే స్లీవ్, పూర్తిగా ఎక్కితే, బరువు పడిన కొద్దీ ఆ వాలు గేరును ఇంకా బిగించి పట్టుకుంటుంది. కొసల మీదే ఆగిపోతే పట్టు ఉండదు. అంతలో ఇంజన్ ఒరిగి రాడ్ కన్సోల్‌ను నెడుతుంది, కన్సోల్ దాన్ని తిరిగి వెనక్కి నెడుతుంది. గేర్ జారుతుంది.

ఇల్లు దగ్గర నిలబెట్టి చూస్తే అంతా బాగానే కనబడటానికి కారణం ఇదే. బండి ఆగి ఉన్నప్పుడు ఒరుగుడు లేదు. పార్కింగ్ లాట్‌లో తిప్పితే చాలినంత బరువు పడదు. కొండ ఎక్కితేనో, ట్రెయిలర్ లాగితేనో బయటపడుతుంది. చలికాలంలో తోలు బూట్ బిర్రబిగిసి ఉదయం జారి, క్యాబిన్ వేడెక్కాక జారకపోతే అది ఇంకో ఆనవాలు. ముందుకు వేసే 1, 3, 5 మాత్రమే జారి, వెనక్కి వేసే 2, 4 నిక్షేపంగా ఉంటే కన్సోల్ ముందంచును అనుమానించండి. వెనక్కి వేసేవి జారితే, పొట్టి రాడ్ మీద పోగుపడిన బూట్ మడతల మీద అనుమానం పెట్టుకోండి.

తేల్చుకోవడం ఇలా. తోలు బూట్, దాని ఫ్రేమ్, వీలైతే కన్సోల్ పై పలక కూడా తీసేయండి. లోపలి రబ్బరు బూట్ తీయొద్దు, దాని పై పట్టీ మాత్రం వదులు చేయండి. ఎక్కడ జారుతుందో అదే దారిలో, అదే గేరులో, అదే బరువుతో నడపండి. జారడం ఆగితే దొంగ దొరికాడు. సరిగ్గా ఎక్కడ తగులుతోందో తెలియాలంటే కన్సోల్ అంచుకు, బూట్ ఫ్రేమ్‌కు లోపల సుద్ద రాసి అన్నీ తిరిగి పెట్టి నడపండి. రాడ్ మీద ఎక్కడ తెల్లగా అంటుకుందో అదే చోటు.

మీ షిఫ్టర్‌కు స్టాప్ బోల్టులు ఉంటే, అదే జబ్బు వాటి వల్ల కూడా వస్తుంది. హర్స్ట్ కంపెనీ షిఫ్టర్లలో చాలాకాలంగా ఉన్న ఏర్పాటు ఇది, ఇతరులూ పెడుతున్నారు. రాడ్‌ను అతిగా తోసి, స్లీవ్‌ను జరిపే ఫోర్క్‌ను వంచకుండా కాపాడటం వాటి పని. గేర్ పూర్తిగా పడకముందే బోల్టు తగిలితే మేలు చేయాల్సిందే కీడు చేస్తుంది. గేర్‌లో వేసి రాడ్‌ను ముందుకు పట్టుకుని, బోల్టు తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి ఒక చుట్టు వెనక్కి వదిలి లాక్ నట్ బిగించండి. వెనక వైపు బోల్టుకూ అంతే.

బాగుచేయడం పెద్ద పని కాదు. తగులుతున్న ప్లాస్టిక్ అంచు కొద్దిగా కోయండి. తోలు బూట్ బిగుతుగా ఉంటే ఇంకొంచెం వదులైనది కుట్టించండి. మడతలు పడుతుంటే పొట్టిది వేయండి. రాడ్‌కు అన్ని గేర్లలోనూ చుట్టూ బొటనవేలు పట్టేంత ఖాళీ ఉండాలన్నది నా నియమం. బండి లక్ష మైళ్లు దాటి ఉంటే గేర్‌బాక్స్ మౌంట్ రబ్బరు కూడా చూడండి. చిట్లి, నూనెకు మెత్తబడిన మౌంట్ ఉంటే ఏ ఖాళీ సరిపోదు. ఖాళీ కోసం రాడ్‌ను మాత్రం గ్రైండర్‌తో అరగదీయకండి. అది విరిగితే నడిరోడ్డు మీదే విరుగుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. జారుతోందని రాడ్‌ను చేత్తో పట్టుకుని నడపకండి. జారిన ప్రతిసారీ డాగ్ పళ్ల మూలలు గుండ్రబడతాయి. చేత్తో అదిమి పట్టుకుంటే, తిరుగుతున్న స్లీవ్‌కు ఫోర్క్ రాసుకుని అదీ అరుగుతుంది. ఇండియాలో ఎడమ చేతిని గేర్ రాడ్ మీదే ఉంచి నడపడం అలవాటైనవాళ్లు ఇక్కడ అమెరికాలో కుడి చేతితో అదే చేస్తారు. షార్ట్ షిఫ్టర్ వేసినా ఆ చెయ్యి బరువు ఫోర్క్‌కు చేరుతూనే ఉంటుంది. వారాల తరబడి ఇలా నడిపాక కన్సోల్ కోసినా లాభం ఉండదు. అప్పటికి పళ్లు నిజంగానే పోయి ఉంటాయి. పది నిమిషాల పని గేర్‌బాక్స్ ఖర్చుగా మారేది ఇక్కడే.

లక్షణం: గబుక్కున వేస్తే రెండో గేరు గరగరమంటోంది, మెల్లగా వేస్తే లేదు

సింక్రో రింగులు రెండు వేగాల్ని కలపడానికి కొంత సమయం తీసుకుంటాయి. షార్ట్ షిఫ్టర్ ఆ సమయం తగ్గించలేదు, మీ చేతిని తొందరపెట్టింది. ఒకటి నుంచి రెండుకు వేగాల తేడా పెద్దది కాబట్టి ముందు అరిగేది రెండో గేరు సింక్రోనే. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు తీరిగ్గా వేయండి. వేడెక్కాక కూడా శబ్దం వస్తే ఆయిల్ చూడండి. మాన్యువల్ పుస్తకంలో ఏది రాస్తే అదే పోయాలి. పాత రేంజర్ అయిదు గేర్ల బాక్స్‌లో పోయాల్సింది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లకు వాడే పల్చటి ఆయిల్. "గేర్‌బాక్స్ కదా" అని చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే చలిలో గేర్లు కదలవు. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగిన బాక్స్‌లో జీఎల్-5 పోస్తే, అది మరీ జారుడుగా ఉండి ఇత్తడి సింక్రోలకు పట్టు దొరకదు. కొన్నింటిలోని రసాయనాలు ఇత్తడిని తింటాయి కూడా.

లక్షణం: రాడ్‌లో జుయ్ మని కంపనం, క్యాబిన్‌లో నూనె వాసన

ఫ్యాక్టరీ రాడ్ మధ్యలో ఉండే రబ్బరు కొత్తదాంట్లో లేకపోతే కంపనం వస్తుంది. బరువైన నాబ్ వేస్తే తగ్గుతుంది. వాసన సంగతి వేరు, దాన్ని వదిలేయకండి. లోపలి రబ్బరు బూట్ సరిగ్గా కూర్చోలేదు. అదే సందులోంచి సైలెన్సర్ పొగ కూడా రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆ రోజే విప్పి సీల్ చేయండి.

మిగిలినవి

వంగిన ఫోర్క్, గేరును చోటులో నిలిపే డిటెంట్ స్ప్రింగ్ అలసిపోవడం, షిఫ్ట్ రైల్ అరుగుదల లాంటివి ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి దాకా వెళ్లండి. షిఫ్టర్ హౌసింగ్ బోల్టులు వదులయ్యాయేమో మాత్రం వందో రెండొందలో మైళ్ల తర్వాత ఒకసారి చూసుకోండి.

చివరికి గేర్‌బాక్స్ దింపాల్సి వస్తే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఎంత బాగున్నా మార్పించేయండి. వాటికోసం మళ్లీ దింపితే కూలీ అంతా రెండోసారి కట్టాలి. పాత రాడ్‌ను కూడా పారేయకండి. అది తిరిగి బిగించి నడిపితే, తప్పు షిఫ్టర్‌దో కాదో ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.