నాటకం టీమ్‌లో కొత్తగా చేరారా? మొదటి షో దాకా ఎలా నెట్టుకురావాలో చెబుతా

యూత్ నాటక బృందంలో చేరాలా వద్దా అని ఊగిసలాడే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "నాకు యాక్టింగ్ రాదు, పర్లేదా?" అని. యాక్టింగ్ రాకపోయినా పర్లేదు, రిహార్సల్‌కి వస్తే చాలు. నవ్వుతూ చెబుతాను గానీ నిజంగానే చెబుతాను. పదహారేళ్లప్పుడు చేరి వేషాలు వేశాను, లైట్లు పట్టాను, తెర లాగాను, ఇప్పుడు నాకంటే చిన్నవాళ్ల రిహార్సల్స్ చూసుకుంటున్నాను. బాగా నటించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు ఎలాగూ తేలతారు, చెప్పిన టైమ్‌కి పెన్సిల్ పట్టుకుని వచ్చేవాళ్లు దొరకడమే గగనం. అందుకే కింద రాసిన దాంట్లో నటన కొంచెమే, మిగతాదంతా టీమ్‌లో ఎలా మసలుకోవాలన్నదే.

మొదటి రోజు సిగ్గు

వెళ్లగానే అందర్నీ గుండ్రంగా నిలబెట్టి ఆటలు ఆడిస్తారు. పేరు చెప్పి ఏదో ఒక చేష్ట చేయాలి, మిగతావాళ్లంతా దాన్ని తిరిగి చేసి చూపించాలి. లేదంటే అద్దం ఆట: ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరు చెయ్యెత్తితే రెండోవారు అద్దంలో బొమ్మలా అదే క్షణంలో ఎత్తాలి. నాటకం నేర్పుతారని వస్తే ఈ చిన్నపిల్లల ఆటలేంటి అని నేనూ లోపల గొణుక్కున్నాను. ఇలాంటి ఆటలకి దారి వేసినవాళ్లలో వయోలా స్పోలిన్ అనే అమెరికన్ టీచర్ ఒకరు, 1930లు, 40ల్లో షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ ఆమె వీటిని కూర్చుకుంది. ఉపన్యాసంతో ఎక్కనిది ఆటతో ఎక్కుతుంది, అంతే. అద్దం ఆట ఐదు నిమిషాలు ఆడితే ఎవరు ముందు కదులుతున్నారో, ఎవరు వెనక వస్తున్నారో ఇద్దరికీ తెలియకుండా పోతుంది. స్టేజ్ మీద ఎదుటి మనిషిని గమనించడం అంటే ఏమిటో అప్పుడు ఒంటికి తెలుస్తుంది. కాబట్టి గోడకి ఆనుకుని ఫోన్ చూసుకోవద్దు. అక్కడ అందరూ గెంతుతుంటే వింతగా కనిపించేది మూలన కూర్చున్నవాళ్లే.

ఆడిషన్ గురించి ఎక్కువ చెప్పను. సినిమా డైలాగులు ఆ హీరో గొంతుతోనే అప్పజెప్పకండి, మేం చూడాలనుకునేది మిమ్మల్ని. అప్పటికప్పుడు చేతికిచ్చిన పేజీ చదవమంటే హడావిడి పడకుండా చదవండి, మీ లైన్ అయిపోగానే తల దించేసి తర్వాతి లైన్ వెతుక్కునే బదులు ఎదుటివాళ్లు చెప్పేది వినండి. వినేవాళ్లు వెంటనే కంట్లో పడతారు. అడిగిన వేషం రాకపోతే బాధగానే ఉంటుంది, ఆ రాత్రి ఏడవండి, మర్నాడు రండి. నన్నడిగితే మొదటి నాటకానికి చిన్న వేషం, దాంతో పాటు తెర వెనక ఒక పని దొరకడమే అదృష్టం. నాటకం ఎలా కట్టుకొస్తుందో రెండు వైపుల నుంచీ చూస్తారు.

స్క్రిప్ట్ చేతికొచ్చాక

అందరూ చేసే తప్పు ఏంటంటే హైలైటర్ తీసుకుని తమ డైలాగులకి పసుపు రంగు పూసేసి, మిగతా నాటకం వేరేవాళ్ల గొడవ అన్నట్టు వదిలేయడం. ముందు మొత్తం నాటకం రెండుసార్లు చదవండి, మీరు లేని సీన్లతో సహా. తర్వాత మీ లైన్లకి ఒక రంగు, మీ ప్రతి లైన్‌కీ ముందున్న ఎదుటివాళ్ల చివరి మాటలకి ఇంకో రంగు. ఆ చివరి మాటలే మీ క్యూ. మీ డైలాగ్ ఎంత గడగడ వచ్చినా ఎప్పుడు అందుకోవాలో తెలియకపోతే స్టేజ్ మీద బొమ్మలా నిలబడతారు.

కంఠతా పట్టడానికి ఒక రాత్రంతా కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. నేను చేసేది ఇది: సీన్‌లో మిగతావాళ్ల లైన్లు నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డ్ చేసి, నా లైన్ దగ్గర ఖాళీ వదులుతాను. నడుస్తూ, గిన్నెలు తోముతూ దాన్ని పెట్టుకుని ఖాళీల్లో మాట్లాడతాను. ఇంట్లోవాళ్లు మొదట్లో కంగారు పడ్డారు, తర్వాత వాళ్లకే సగం నాటకం వచ్చేసింది. ఇంకో సంగతి, అర్థం మారకపోతే ఏ మాటైనా ఒకటే అనుకోవద్దు. మీరు చివరి మాట మార్చేస్తే దాన్ని పట్టుకుని ఎంట్రీ ఇవ్వాల్సిన మనిషి వింగ్‌లో, అంటే స్టేజ్ పక్కన తెర చాటున, అలాగే నిలబడి ఉంటాడు.

గొంతు విషయం తెలుగులో కాస్త ప్రత్యేకం. మన వాక్యంలో అసలు సంగతంతా చివర్లో ఉంటుంది. "నిన్న రాత్రి నేను ఆ ఇంటికి..." వరకు గట్టిగా చెప్పి చివర ఊపిరి అయిపోయి మింగేశారనుకోండి, వెళ్లాడా, వెళ్లలేదా, వెళ్లాలనుకున్నాడా ఐదో వరసలో ఉన్నవాళ్లకి తెలియదు, నాటకం మలుపు మొత్తం ఆ మింగిన క్రియలోనే పోతుంది. కొత్తవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఇలాగే చేస్తారు. మందు చాలా మామూలుది: వాక్యం మొదట్లో కాస్త తగ్గి, క్రియ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి మిగుల్చుకోండి. స్నేహితుణ్ని హాల్ చివర కుర్చీలో కూర్చోబెట్టి ప్రతి వాక్యంలో ఆఖరి మాట తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే మీ పని అయిపోలేదన్నమాట. అరవక్కర్లేదు, అరిస్తే గొంతు పోతుంది, మాట మాత్రం ఇంకా ముద్దగా వినిపిస్తుంది.

రిహార్సల్

పెన్సిల్, రబ్బరు తప్పనిసరి. పెన్ను వద్దు, ఎందుకంటే ఈ రోజు "కుర్చీ దగ్గరికి నడువు" అన్న డైరెక్టర్ రెండు రోజుల తర్వాత "కిటికీ దగ్గరికి" అంటారు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి అన్నదాన్నే బ్లాకింగ్ అంటాం, చెప్పిన వెంటనే లైన్ పక్కన రాసుకోవాలి. స్టేజ్ కుడి అంటే ప్రేక్షకుల్ని చూస్తూ నిలబడ్డ నటుడి కుడి, చూసేవాళ్ల కుడి కాదు. ప్రేక్షకుల వైపుని డౌన్‌స్టేజ్, వెనక గోడ వైపుని అప్‌స్టేజ్ అంటారు, ఒకప్పుడు స్టేజ్‌ని వెనక ఎత్తుగా, ముందుకి వాలుగా కట్టేవాళ్లు కాబట్టి ఆ పేర్లు అలా ఉండిపోయాయి. మొదటి వారం తికమక పడతారు, రెండో వారానికి అలవాటైపోతుంది.

రిహార్సల్ అయ్యాక డైరెక్టర్ అందర్నీ కూర్చోబెట్టి నోట్స్ ఇస్తారు, అంటే ఎవరెవరు ఏం సరిచేసుకోవాలో. "నేను అలా ఎందుకు చేశానంటే..." అని మొదలుపెట్టకండి, ప్లీజ్. ఇరవైమంది కూర్చుని ఉంటారు, ఇంటికెళ్లే టైమ్. "సరే" అని రాసుకుని మర్నాడు మార్చి చూపించండి, నచ్చకపోతే తర్వాత విడిగా మాట్లాడండి. ఇంకా ముఖ్యం, ఒక నటుడు ఇంకో నటుడికి నోట్స్ ఇవ్వకూడదు. టీమ్‌లో సగం గొడవలు "నువ్వు ఆ లైన్ అలా చెప్పకూడదు" అన్న మాటతోనే పుడతాయి.

పరీక్షలు, పెళ్లిళ్లు, ఊరెళ్లేది, ఏది ఉన్నా తేదీలు మొదటి వారంలోనే చెప్పేయండి. చెప్పి మానేస్తే ఆ రోజుకి మీరు లేని సీన్ పెట్టుకుంటాం. చెప్పకుండా మానేస్తే మీతో సీన్ ఉన్న ఆరుగురు ఖాళీ జాగాతో మాట్లాడుకుంటూ కూర్చోవాలి.

కొట్లాట సీన్లకి ఒక్కటే నియమం, ముందే అనుకోని కదలిక ఏదీ స్టేజ్ మీద చేయకూడదు. అన్నీ మొదట చాలా నెమ్మదిగా చేసి, తర్వాతే వేగం పెంచాలి. జుట్టు పట్టుకుని ఈడ్చే సీన్‌లో నిజానికి ఈడ్చేవాళ్లు పిడికిలి తలకి ఆనిస్తారంతే, దెబ్బ తినేవాళ్లే ఆ చేతిని రెండు చేతులతో తలకి అదిమి పట్టుకుని తామే కదులుతారు. చూసేవాళ్లకి మాత్రం ఘోరంగా కనిపిస్తుంది. చెంపదెబ్బ చప్పుడు కూడా అంతే, చెంపని తాకకుండానే ఎవరో ఒకరు కనపడకుండా చప్పట కొడతారు.

ఇంకో సంగతి సూటిగా చెప్పాలి. ముట్టుకునే సీన్ ఏదైనా ముందు అడిగి, మీరు ఒప్పుకున్నాకే చేయాలి, నిన్న సరే అన్నదానికి ఈ రోజు వద్దు అనే హక్కు మీకుంది. బట్టలు మార్చుకోవడానికి వేరే గది ఉండాలి. పెద్దవాళ్లెవరైనా తలుపేసి ఒంటరిగా రిహార్సల్ చేయిద్దాం అన్నా, అర్ధరాత్రి విడిగా మెసేజ్‌లు పెడుతున్నా అది "ఆర్ట్ కోసం" కాదు. ఇంట్లో చెప్పండి, టీమ్‌లో ఇంకో పెద్దవాళ్లకి చెప్పండి. ఇలాంటి ప్రశ్నలు అడిగితే విసుక్కునే టీమ్ అయితే బయటికి వచ్చేయడమే నయం.

తెర వెనక

నా రెండో నాటకానికి ప్రాప్స్, అంటే నటులు స్టేజ్ మీద వాడే వస్తువుల బాధ్యత నాది. రెండో అంకంలో హీరో సొరుగు తీసి ఒక ఉత్తరం బయటికి తీసి చదవాలి. ఇంటర్వెల్‌లో ఎవరో ఆ ఉత్తరం చూసి ముచ్చటపడి స్నేహితులకి చూపించడానికి పట్టుకెళ్లి గ్రీన్‌రూమ్‌లో (నటులు తయారయ్యే గదిలో) అద్దం దగ్గర వదిలేశారు, నేను మళ్లీ సరిచూసుకోలేదు. తెర లేచింది, సొరుగు తీశాడు, ఖాళీ. వింగ్‌లో నిలబడి ఉన్న నాకు కాళ్లు చల్లబడిపోయాయి. వాడు రెండు క్షణాలు సొరుగులోకే చూసి, నెమ్మదిగా మూసి, "చించేశాను కదూ... చించితే మాత్రం మర్చిపోతానా" అని ఉత్తరం మొత్తం చూడకుండా చెప్పేశాడు. ఆ ఉత్తరంలో మాటలు వాడు కంఠతా పట్టాల్సిన డైలాగ్ కాదు, అంతకుముందు సీన్‌లో ఇంకొకరు రాస్తూ చదివేవి. మొత్తం నాటకం చదవమని పైన ఎందుకు అన్నానో ఇప్పుడు అర్థమైందా?

ఆ తర్వాత నుంచి మా ప్రాప్స్ బల్ల మీద కాగితం పరిచి, ఒక్కో వస్తువు చుట్టూ గీత గీసి లోపల పేరు రాస్తాను. కళ్లజోడు, గొడుగు, ఉత్తరం, గంట. గడి ఖాళీగా కనిపిస్తే వస్తువు లేనట్టే, దూరం నుంచే తెలిసిపోతుంది. షో ముందు ఒకసారి, ఇంటర్వెల్‌లో ఒకసారి చూస్తాను. మీది కాని ప్రాప్‌ని ముట్టుకోవద్దు, జరపొద్దు, సెల్ఫీ కోసమైనా సరే.

షో రోజు తెర వెనక అంతా నడిపించే స్టేజ్ మేనేజర్ మాటే చివరి మాట, డైరెక్టర్ మాట కూడా ఆ తర్వాతే. "ఐదు నిమిషాలు" అని కేక వినిపిస్తే "థాంక్యూ, ఐదు" అని తిరిగి చెప్పడం చాలా టీమ్‌లలో పద్ధతి, విన్నారని వాళ్లకి తెలియడానికి. లైట్లకీ సౌండ్‌కీ ముందు "స్టాండ్‌బై" (సిద్ధంగా ఉండండి) అని, తర్వాత "గో" (ఇప్పుడు చేయండి) అంటారు. ఆ "గో" అనే మాట వినగానే వేలు బటన్ నొక్కేస్తుంది కాబట్టి హెడ్‌సెట్‌లో మామూలు కబుర్లలో దాన్ని వాడకూడదు. వింగ్స్‌లో ఉన్నప్పుడు మీకు ప్రేక్షకులు కనిపిస్తుంటే వాళ్లకి మీరూ కనిపిస్తున్నట్టే.

బయటికెళ్లే దారుల్లో సెట్ ముక్కలు, కుర్చీలు పెట్టొద్దు, ఎంత ఇరుకైనా సరే. 1903 డిసెంబర్ 30న షికాగోలోని ఇరోక్వాయ్ థియేటర్‌లో ఒక లైట్ నుంచి తెరకి నిప్పంటుకుని 600 మందికి పైగా చనిపోయారు. తెరుచుకోని తలుపులు, ఎక్కడున్నాయో కనపడని దారులే చాలామంది ప్రాణం తీశాయి. మా టీమ్‌లో ఎవరైనా తలుపుకి అడ్డంగా బల్ల పెడితే నేను గొడవ పెట్టుకునేది అందుకే, చాదస్తం అనుకుంటే అనుకోనీ.

టెక్ రిహార్సల్, షో

షోకి ఒకటి రెండు రోజుల ముందు లైట్లు, సౌండ్ కలిపి చేసేది టెక్ రిహార్సల్. నటులకి ఇంత బోర్ కొట్టే రోజు ఇంకోటి ఉండదు. రెండు లైన్లు చెప్పాక "ఆగండి" అంటారు, పావుగంట అలాగే నిలబడాలి, మళ్లీ అవే రెండు లైన్లు. మంచినీళ్లు, ఒక పుస్తకం తెచ్చుకోండి. విసుగు మొహం పెట్టకండి, ఈ రోజు మీ కోసం కాదు, రెండు నెలలుగా మీకు చప్పట్లు కొట్టిన లైట్స్ వాళ్ల కోసం.

స్టేజ్ మీద డైలాగ్ మర్చిపోతారు. అందరూ మర్చిపోతారు. నాలుక కరుచుకోవద్దు, పక్కనుంచి డైలాగ్ అందించే ప్రాంప్టర్ వైపు బేలగా చూడొద్దు, పాత్రలోనే ఉండి ఊపిరి తీసుకోండి. మీకు పెద్ద యుగంలా అనిపించేది చూసేవాళ్లకి మూడు క్షణాలు. ఎదుటివాళ్లు మర్చిపోతే ప్రశ్నలా అందించండి: "అయితే ఆ రోజు స్టేషన్‌లో ఏం జరిగిందో చెప్పవా?" అంటే వాళ్లకి తీగ దొరుకుతుంది. ప్రేక్షకులు నవ్వితే ఆ నవ్వు మీదే మాట్లాడేయకండి, పూర్తిగా ఆరిపోయే దాకా ఆగొద్దు కూడా. పైకి లేచి కాస్త తగ్గుతుండగా అందుకోవాలి. ఇది రిహార్సల్‌లో రాదు, రెండో షోకి చెవికి తెలుస్తుంది.

చప్పట్లు అయిపోయాక ఇంటివాళ్లు పూలు పట్టుకుని బయట నిలబడి ఉంటారు, వెళ్లి ఫోటోలు దిగండి, పావుగంటలో మళ్లీ లోపలికి రండి. సెట్ విప్పాలి, మేకులు ఏరాలి, బట్టలు మడతపెట్టి ఎవరివి వాళ్లకి పంపాలి. మేకప్ సగం తుడుచుకుని, నేల మీద కుర్చీల స్థానం కోసం అంటించిన టేప్‌ని గోళ్లతో పీకుతూ కూర్చున్నప్పుడు పక్కన ఎవరుంటారో చూడండి. తర్వాతి నాటకానికి మనుషుల్ని ఎంచుకునేటప్పుడు డైరెక్టర్లు కూడా అదే చూస్తారు. ఆ టేప్ మాత్రం చల్లబడితే అసలు రాదు, హెయిర్ డ్రయర్ ఉంటే కాస్త వేడి చేసి లాగండి.