అమెరికాలో రాష్ట్రం మారితే కారు ఇన్సూరెన్స్ ఎలా మార్చుకోవాలి?

ఉద్యోగం నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మారిందనుకోండి. సామాను సర్దే హడావిడిలో మనవాళ్లు చాలామంది ముందుగా పాత ఇన్సూరెన్స్ ఆపేస్తారు. దయచేసి ఆ పని అన్నిటికన్నా చివర చేయండి.

కొత్త పాలసీకి కావలసినవి నాలుగే: లైసెన్స్, కారు విన్ నంబరు (మన ఛాసిస్ నంబరు లాంటిది), పాత పాలసీ మొదటి పేజీ, కొత్త ఇంటి అడ్రస్.

మొదట కొత్త రాష్ట్రం ఏం అడుగుతుందో చూడండి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం ఒక్కటే. హైదరాబాద్‌లో తీసుకున్న థర్డ్ పార్టీ విజయవాడకి మకాం మార్చినా పనికొస్తుంది. అమెరికాలో ఏ రాష్ట్రం చట్టం దానిదే. టూర్‌కి వెళ్తే ఉన్న పాలసీ చాలు, కాపురం మారితే చాలదు. టెక్సస్ కనీసం 30/60/25 అడుగుతుంది. అంటే ప్రమాదంలో ఎదుటివాళ్లకు దెబ్బలు తగిలితే ఒక్కొక్కరికి 30 వేలు, అందరికీ కలిపి 60 వేలు, వాళ్ల ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి 15/30/5 ఉండేది, 2025 జనవరి నుంచి 30/60/15 అయింది. నార్త్ కరోలినాలో 2025 జూలై నుంచి 50/100/50. న్యూయార్క్, న్యూజెర్సీ, మిషిగన్‌లలో తప్పు ఎవరిదైనా మన వైద్యం ఖర్చు ముందు మన పాలసీయే భరించే పద్ధతి ఉంది. న్యూ హాంప్‌షైర్‌లో మాత్రం అసలు ఇన్సూరెన్సే తప్పనిసరి కాదు.

ఈ కనీసం తీసుకుని ఊరుకోకండి. ఈ రోజుల్లో కొత్త ఎస్‌యూవీని గుద్దితే 25 వేలు ఏ మూలకి? 100/300/100కి తక్కువ తీసుకోకూడదు. కోట్ (ప్రీమియం ఎంతవుతుందనే అంచనా) కూడా ఫోన్‌లో ఏజెంటుతో మాట్లాడే తీసుకోవాలి. వెబ్‌సైట్లలో పోల్చి చూసేవాళ్లు నెలకి పది డాలర్లు మిగులుతాయని ముఖ్యమైన కవరేజీ తీసేస్తుంటారు.

ఇక అసలు చిక్కు ఇక్కడే ఉంది.

నార్త్ కరోలినా నంబరు ప్లేటు కారుకి ఉన్నంతకాలం, ఆ రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న కంపెనీ ఇచ్చిన అక్కడి పాలసీ నడుస్తూ ఉండాలి. మీ చేతిలో టెక్సస్ పాలసీ ఉన్నా వాళ్ల లెక్కలో అది ఇన్సూరెన్స్ కాదు. మీరు పాతది ఆపగానే కంపెనీ డీఎంవీకి (మన ఆర్టీవో లాంటి ఆఫీసు) తెలియజేస్తుంది. నోటీసు మీరు ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి పోతుంది, మీకు తెలిసేసరికి జరిమానా పడి ఉంటుంది. నాకు తెలిసిన ఒక కుటుంబానికి అచ్చం ఇలాగే జరిగింది. "అన్నా, ఒక్క రోజు కూడా ఇన్సూరెన్స్ లేకుండా నడపలేదు కదా" అని అతను బాధపడ్డాడు. నిజమే, నడపలేదు. కానీ ప్లేటు కారుకే ఉండిపోయింది.

అందుకే వరుస తప్పకండి. టెక్సస్ పాలసీ మొదలుపెట్టండి. ఫ్రిస్కో వైపు ఎమిషన్ (పొగ) పరీక్ష ఉంటుంది, అది చేయించండి. దిగిన 30 రోజుల్లోపు కౌంటీ (జిల్లా లాంటిది) ట్యాక్స్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించి కొత్త ప్లేట్లు తీసుకోండి. అప్పుడు వెనకున్న పాత ప్లేటు విప్పి కొత్తవి బిగించండి (నార్త్ కరోలినాకి ముందు ప్లేటు ఉండదు). మరలు తుప్పు పట్టి ఉంటే చుక్క నూనె వేసి పది నిమిషాలు ఆగండి, బలవంతంగా తిప్పితే మర తల అరిగిపోతుంది. ప్లేటుని ఫొటో తీసి, మందపాటి కవర్లో పెట్టి, ట్రాకింగ్ నంబరుతో నార్త్ కరోలినా డీఎంవీకి పోస్ట్ చేయండి. అది వాళ్లకి అందిందని తేలాకే పాత పాలసీ ఆపమని ఫోన్ చేయండి. న్యూయార్క్, ఫ్లోరిడా వదిలి వచ్చేవాళ్లకీ ఇంతే, ముందు ప్లేటు, తర్వాత పాలసీ.

రెండు రాష్ట్రాల్లోనూ ఒకే కంపెనీ అయితే మరింత జాగ్రత్త. అడ్రస్ మార్చగానే వాళ్లే పాతది మూసేయొచ్చు. "ప్లేటు చేరేదాకా ఆపకండి" అని ఈమెయిల్‌లో రాసి పెట్టండి.

ఆ కొద్ది రోజులు రెండు ప్రీమియంలు కట్టాల్సి వస్తుంది, కట్టండి. ముందే కట్టిన పాత ప్రీమియంలో వాడని రోజులకు ఎంత వెనక్కి వస్తుందో పాలసీ ఆపే ఫోన్‌లోనే అడిగి, చెక్కు కొత్త అడ్రస్‌కి పంపమనండి.