విడాకుల తర్వాత ఇల్లు మారేటప్పుడు లైసెన్సు తుపాకీని ఎలా భద్రపరచాలి

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వరస ఒకటి గుర్తుపెట్టుకోండి. పాత ఇంట్లోంచి అన్నిటికంటే ముందు బయటికి వెళ్లాల్సింది తుపాకీ. కొత్త ఇంట్లోకి అన్నిటికంటే చివర రావాల్సిందీ తుపాకీయే. ఆ మధ్య రోజులు వారమైనా, ఆరు నెలలైనా, అది చట్టం ఒప్పుకున్న మూడో చోట, రసీదు మీద ఉండాలి.

మామూలుగా ఇల్లు మారేటప్పుడు లేని చిక్కు విడాకుల్లో ఉంది. సేఫ్ నంబరు ఇద్దరికీ తెలుసు. మారుతాళం ఎవరి దగ్గరుందో ఒక్కోసారి ఇద్దరికీ తెలియదు. సామాను సర్దడానికి చుట్టాలు, స్నేహితులు, కూలీలు వచ్చిపోతుంటారు. మాటామాటా పెరిగే రోజులు, నిద్ర చాలని రోజులు. ఇలాంటి ఇంట్లో తుపాకీని "ప్రస్తుతానికి" అటక మీద పెట్టడం, మంచం కిందకి తోయడం ఎంతమాత్రం పనికిరాదు.

ముందు కాగితాలు

కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు ఏదైనా వచ్చి, అందులో ఆయుధాల ప్రస్తావన ఒక్క వాక్యం ఉన్నా సరే, మిగతా ఏర్పాట్లన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని పాటించండి. అప్పగించమని గడువు ఇస్తే ఆ గడువు లోపే అప్పగించి, సీరియల్ నంబర్లు రాసి ఉన్న రసీదు తీసుకోండి. పోలీస్ స్టేషన్‌కి ముందు ఫోన్ చేసి, ఏ వేళకి ఎలా తేవాలో అడిగాకే బయల్దేరండి. చెప్పాపెట్టకుండా ఆయుధంతో లోపలికి నడిస్తే అక్కడున్నవాళ్లకి మీ ఉద్దేశం తెలిసే వీల్లేదు. ఏ తుపాకీనీ లెక్కలోంచి దాచొద్దు. ఒక్కటి దాచినా కేసుకి కేసు, లైసెన్సుకి లైసెన్సు చేజారుతుంది.

లైసెన్సు ఒకరి పేరు మీదే ఉన్నా, పెళ్లయ్యాక కొన్న తుపాకీ ఆస్తి పంపకంలోకి రావచ్చు. అది తేలేవరకూ అమ్మడం, ఎవరికైనా ఇచ్చేయడం వద్దు. పంపకంలో అవతలివారి వాటాకి వెళ్లినా, వాళ్లకి లైసెన్సు లేకపోతే చేతికి ఇవ్వకూడదు. లైసెన్సున్న డీలర్ ద్వారా అమ్మి డబ్బు పంచుకోవడం శుభ్రమైన దారి. పెద్దల నుంచి వచ్చిన తుపాకీ అయితే ఆ కాగితం ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ఒక్కో తుపాకీకి ఒక్కో పేజీ రాయండి. తయారీదారు పేరు, మోడల్, క్యాలిబర్ (గొట్టం లోపలి కొలత), సీరియల్ నంబరు, రెండు పక్కల ఫొటోలు, నంబరు చెక్కిన చోట దగ్గరగా తీసిన ఫొటో. టెలిస్కోప్ ఉంటే దాని నంబరు వేరే. గీతలు, సొట్టలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. తర్వాత ఆ నంబర్లను లైసెన్సులో ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చండి. సున్నాని ఇంగ్లిష్ "ఓ" అక్షరంగా, ఒకటిని "ఐ"గా ఎప్పుడో ఎవరో ఎక్కించి ఉండొచ్చు. ఆ తప్పు ఇంతకాలం ఎవరి కంటా పడకపోయినా, తుపాకీ చేతులు మారే రోజున మాత్రం పని ఆపేస్తుంది. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి వకీలు దగ్గర ఉంచండి.

మూడో చోటు ఎక్కడ

మొదటి ఎంపిక నిల్వకి అనుమతి ఉన్న డీలర్. తర్వాత, ఆయుధాగారం ఉన్న షూటింగ్ క్లబ్. కొన్ని చోట్ల పోలీసులే డిపాజిట్ తీసుకుంటారు. ఎక్కడిచ్చినా నాలుగు సంగతులు అడగాలి: లోపలికి ఎవరెవరు వెళ్తారు, గాలిలో తేమ ఎంత ఉంచుతారు, పోతే బీమా ఎవరిది, తిరిగి ఎవరికి ఇస్తారు. ఈ చివరిది ముఖ్యం. "యజమాని స్వయంగా, గుర్తింపు కార్డుతో వస్తేనే ఇవ్వాలి" అని రసీదు మీద రాయించుకోండి. లేకపోతే, "ఆయన పంపారు" అంటూ ఎవరో వచ్చి తీసుకెళ్లే ప్రమాదం ఉంది.

నెలవారీ అద్దెకిచ్చే గోదాము గదులు వద్దు. వాటి ఒప్పందాల్లో ఆయుధాలూ తూటాలూ నిషేధమని సాధారణంగా రాసే ఉంటుంది, పైగా ఆ గదుల్లో చెమ్మ ఎక్కువ. స్నేహితుడింట్లో పెట్టడం ఇంకా చిక్కు. చాలా చోట్ల అలా అప్పజెప్పడమే చట్టం దృష్టిలో బదిలీ. ఆ స్నేహితుడికి లైసెన్సు లేకపోతే మీతోపాటు ఆయనా కేసులో ఇరుక్కుంటాడు. కారు డిక్కీ ఒక్క రాత్రికి కూడా పనికిరాదు.

ఇంకో మాట. ఇది తాళాల గురించి కాదు. విడాకుల రోజుల్లో కొందరికి బతుకు మీదే విరక్తి పుడుతుంది. ఆ తీవ్రత చాలాసార్లు కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపూ తుపాకీ అందుబాటులో లేకపోవడమే ప్రాణాన్ని కాపాడుతుంది. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా, కొత్త ఇంట్లో అంతా సర్దుకున్నాక కూడా తుపాకీని డీలర్ దగ్గరే ఉంచండి. తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు. దగ్గరివాళ్లలో ఒకరికి చెప్పండి, డాక్టర్‌ని కలవండి, సహాయ ఫోన్ లైన్‌కి ఆ క్షణంలోనే చేయండి. అవతలి మనిషి వల్ల ప్రాణభయం ఉంటే పోలీసులకీ వకీలుకీ చెప్పి రక్షణ అడగండి. ఆ భయంతో తుపాకీని దిండు కిందకి తెచ్చుకుంటే ఇంట్లో అందరికీ ప్రమాదమే పెరుగుతుంది.

తుపాకీని ఖాళీ చేయడం

గదిలో ఒక్కరే ఉండండి. ఫోన్ పక్కన పెట్టండి. గొట్టం మూతి అవతల ఎవరూ లేని, తూటా దాటలేని వైపు ఉండాలి. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉండాలి.

పిస్టల్‌లో ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాలి. ఈ వరస తిరగబడితే ప్రమాదం. మ్యాగజైన్ లోపల ఉండగా స్లైడ్ లాగితే ఛాంబర్‌లో (గొట్టం వెనక కొసన తూటా కూర్చునే చోట) ఉన్న తూటా బయటపడుతుంది, స్లైడ్ వదలగానే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. అప్పుడు మ్యాగజైన్ తీసినవాళ్లు, కిందపడ్డ తూటా చూసి, ఖాళీ అయిందనే అనుకుంటారు. అందుకే స్లైడ్‌ని వెనక్కి ఆపి పెట్టి, ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. రివాల్వర్ అయితే సిలిండర్ బయటికి తెరిచి ఒక్కో గదీ లెక్కపెట్టండి. గొట్టపు మ్యాగజైన్ ఉన్న రైఫిల్లో, షాట్‌గన్‌లో చివరి తూటా స్ప్రింగ్ దగ్గర ఇరుక్కుపోవచ్చు. ఫాలోయర్ (స్ప్రింగ్ కొసన తూటాల్ని తోసే ముక్క) కనపడేవరకూ ఖాళీ అయినట్టు కాదు.

బోల్ట్ రైఫిల్‌కి బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) ఊడదీసి వేరే పెట్టెలో పెట్టండి, దానికి తుపాకీ సీరియల్ నంబరు రాసిన చీటీ కట్టండి. ఒకే రకం రైఫిళ్లు రెండుంటే బోల్టులు తారుమారు కాకుండా చూడాలి. ఒక్కో బోల్టు దాని ఛాంబర్‌కి తగ్గ కొలతలో కూర్చుని ఉంటుంది. మార్చి బిగిస్తే పేల్చినప్పుడు తూటా వెనక భాగం పగిలే ప్రమాదం ఉంది.

తాళం వేసేటప్పుడు కేబుల్‌ని మ్యాగజైన్ పెట్టే చోటు నుంచి, తెరిచిన ఛాంబర్ మీదుగా పోనివ్వాలి. అప్పుడు యాక్షన్ (తూటా ఎక్కించే యంత్రభాగం) మూసుకోదు, తూటా ఎక్కదు. ట్రిగ్గర్ చుట్టూ వేసే తాళం తూటా ఉన్న తుపాకీకి ఎప్పటికీ వేయకూడదు. బిగించేటప్పుడే అది ట్రిగ్గర్‌ని నొక్కొచ్చు.

తూటాలు

తూటాలు వాటి అసలు డబ్బాల్లోనే ఉండాలి. విడి తూటాలన్నీ ఒక సంచీలో పోసి కట్టేయడం ఇల్లు సర్దే హడావిడిలో అందరూ చేసే పని. దానివల్ల జరిగేది ఇది. 20 బోర్ తూటా (అంకె పెద్దదైనా 12 బోర్ కంటే సన్నం) 12 బోర్ తుపాకీ ఛాంబర్‌లోకి జారి, గొట్టంలో కొంచెం ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. పైకి కనపడదు. ఛాంబర్ ఖాళీగా ఉందనుకుని వెనక 12 బోర్ తూటా పెట్టి పేలిస్తే గొట్టం చేతిలోనే చీలిపోతుంది. 20 బోర్ తూటాలకి పసుపు రంగు వేయడం వెనకున్న కారణం ఇదే. విడివిడిగా దొరికినవాటిని రంగు చూసి, అడుగున ముద్రించిన అంకె చదివి వేరు చేయండి. చిలుము పట్టినవి, సొట్ట పోయినవి డీలర్‌కి అప్పగించండి. చెత్తబుట్టలో వేయకూడదు.

తూటాలకి వేరే పెట్టె, వేరే తాళం, వేరే చోటు. సామాను రవాణా కంపెనీలు మందుగుండుని సాధారణంగా తీసుకోవు. సామాను మధ్య చెప్పకుండా పెట్టడం కూలీలకీ మీకూ మంచిది కాదు.

నెలల తరబడి ఉంచాలంటే

పేల్చిన తర్వాత శుభ్రం చేయని గొట్టం మొదట తుప్పు పడుతుంది. గొట్టం లోపల తుడిచి, ఆరాక, పల్చగా నూనె పట్టించండి. పైన ఇనుము మీద వేలిముద్రలుంటే చెమటలోని ఉప్పు ఆ గీతల ఆకారంలోనే తుప్పు తెస్తుంది. అందుకే చివరిసారి నూనె గుడ్డతో తుడిచాక ఇనుమును వట్టి చేత్తో ముట్టుకోకండి. నూనె ఎక్కువైనా చేటే. తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెడితే నూనె కిందికి దిగి చెక్క పిడిలోకి ఇంకుతుంది. పిడి మెడ దగ్గర చెక్క నల్లబడి మెత్తబడిందంటే చాలాసార్లు కారణం ఇదే. దీర్ఘకాలం ఉంచేటప్పుడు మూతి కిందికి, దాని కింద మడతపెట్టిన గుడ్డ. తోలు ఒరలో వదిలేయకండి, తోలు తేమని పట్టుకుంటుంది. స్పాంజి పరిచిన పెట్టె కూడా ప్రయాణానికి బాగుంటుంది, నిల్వకి కాదు. సిలికాన్ పూసిన అల్లిక సంచీ వాడండి.

సేఫ్‌లో గాలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. 60 దాటితే తుప్పు వేగం పుంజుకుంటుంది, మరీ 30కి దిగితే చెక్క ఎండి బీటలిస్తుంది. చిన్న తేమ మీటర్ ఒకటి లోపల పెట్టండి. బీరువా సైజు సేఫ్‌కి 500 గ్రాములు, చిన్న పెట్టెకి 50 గ్రాములు సిలికా జెల్ వాడొచ్చు. నారింజ రంగు గుళికలు ముదురు ఆకుపచ్చకి తిరిగాయంటే నీరు నిండిందని అర్థం. 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. నీలం గుళికల్లో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలు వచ్చే ఇంట్లో వాటికంటే నారింజవే మేలు.

దారిలో

తాళం వేసిన గట్టి పెట్టె, ఖాళీ తుపాకీ, వేరే పెట్టెలో తూటాలు, లైసెన్సు అసలు కాగితం జేబులో. నేరుగా వెళ్లాలి. దారిలో భోజనానికి ఆగి కారు వదిలి వెళ్లొద్దు. ప్రాంతం మారుతుంటే అక్కడి చట్టం, ప్రయాణ అనుమతి ముందే కనుక్కోండి. చల్లటి కారులోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన పెట్టెని వెంటనే తెరవకండి. చల్లటి ఇనుము మీద గదిగాలిలోని తేమ చుక్కలు కడుతుంది. నాలుగైదు గంటలు మూసే ఉంచి, తర్వాత తెరిచి తుడవండి.

కొత్త ఇంట్లో

సేఫ్ బిగించకుండా తుపాకీ తేకండి. ఖాళీ సేఫ్‌ని ఇద్దరు ముగ్గురు మోసుకుపోగలరు. అడుగున ఉన్న నాలుగు రంధ్రాల్లోంచి 10 లేదా 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు కాంక్రీటులోకి దించాలి. డ్రిల్ పెట్టేముందు కింద నీళ్ల పైపు, కరెంటు తీగ లేవని చూసుకోండి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి రాతలో తీసుకోండి. నేలకీ సేఫ్‌కీ మధ్య రబ్బరు షీటు వేయండి, కొత్త సిమెంటు చాలాకాలం చెమ్మ వదులుతూ ఉంటుంది.

పాత సేఫ్‌నే తెచ్చుకుంటే ఆ రోజే నంబరు మార్చండి. చాలామంది పెళ్లిరోజు, పిల్లల పుట్టినరోజు పెట్టుకుంటారు. అవతలివాళ్లకి తెలిసిన ఏ తేదీ వద్దు. వేలిముద్రల సేఫ్‌లో పాతవన్నీ తుడిచి మీది ఒక్కటే ఎక్కించండి. అత్యవసర తాళంచెవి ఎన్ని కాపీలు ఉన్నాయో లెక్క తేలకపోతే తాళమే మార్పించండి. కోడ్ మార్చినా ఆ చెవి పనిచేస్తూనే ఉంటుంది. అంకెల డయల్ ఉన్నదైతే తాళాల పనివాణ్ని పిలవాలి. బ్యాటరీ కొత్తది వేసి, మూడుసార్లు తలుపు తెరిచే ఉంచి తాళం తిప్పి చూశాకే మూయండి.

కొత్త చిరునామాని లైసెన్సు అధికారికి గడువు లోపల రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇది అయ్యాక డీలర్ దగ్గర నుంచి తెచ్చుకోండి. తెచ్చిన రోజు సీరియల్ నంబర్లు మీ పేజీతో పోల్చి, నూనె పట్టిన గొట్టంలో పొడిగుడ్డ పోనివ్వండి. గొట్టంలో నూనె, గుడ్డ ముక్క మిగిలితే పేల్చినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పిల్లలు వారాంతానికి వస్తున్నారంటే, వాళ్లు తలుపు తట్టేముందు సేఫ్ హ్యాండిల్ ఒకసారి లాగి చూడండి. తాళంచెవి మీ ఒంటి మీదే ఉండాలి. వంటింటి మేకుకి, డ్రాయర్‌లోకి వెళ్లకూడదు.