టాస్మేనియాలో దంపతుల కారు ప్రయాణం: దారిని సాయంత్రాలను బట్టి వేసుకునే పద్ధతి

టాస్మేనియా చుట్టిరావాలనుకునే దంపతులు సాధారణంగా మ్యాపు ముందు పెట్టుకుని, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో కూడి రోజులను పంచుకుంటారు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి దక్షిణాన, బాస్ జలసంధికి ఆవల ఉన్న ఈ దీవిలో ఆ లెక్క సరిపోదు. కడుపుసంచిలో పిల్లలను మోసే ఇక్కడి వాంబాట్లు (గడ్డి మేసే పొట్టి, బరువైన జంతువులు), వాలబీలు (చిన్న కంగారూల వంటివి), టాస్మేనియన్ డెవిల్‌లు (మాంసం తినేవి) పగటివేళ చాలావరకు పొదల్లోనో బొరియల్లోనో గడిపి పొద్దువాలాక తిండికి బయలుదేరుతాయి. అదే వేళకు రోడ్ల మీదికీ వస్తాయి. కాబట్టి ఏ సాయంత్రం ఎక్కడ గడపాలో ముందు నిర్ణయించుకుని, ఆ చోటికి వీలైనంత దగ్గరలో బస కుదుర్చుకుని, తక్కిన దారినంతా దాని చుట్టూ అల్లుకోవాలి. చీకటి పడ్డాక దూరప్రయాణం పెట్టుకోకపోవడం ఈ యాత్రకు మొదటి నియమం.

నడకకు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అనుకూలం. డిసెంబరులో పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిది కావస్తుంది గనుక, పగలంతా కొండలెక్కిన వారికి జంతువుల కోసం కాచుకునే ఓపిక మిగలకపోవచ్చు. ఇద్దరికీ సెలవు దొరికితే ఏప్రిల్ నెలాఖరునే ఎంచుకోమంటాను. అప్పటికి సాయంత్రం ఐదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు. పైగా ఈ దీవిలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఫేగస్ చెట్లు ఆకురాల్చే ముందు పసుపు, నారింజ రంగులకు తిరిగి ఉంటాయి.

హోబార్ట్‌కో లాన్సెస్టన్‌కో విమానంలో చేరి కారు అద్దెకు తీసుకోవచ్చు. మెల్‌బోర్న్‌లో ఉండే మన వారు జీలాంగ్ రేవులో సొంత కారుతో సహా ఓడెక్కితే డెవన్‌పోర్ట్‌లో దిగవచ్చు. పంటలకు తెగుళ్లు సోకకుండా తాజా పండ్లను, కూరగాయలను దీవిలోకి రానివ్వరు. కాబట్టి పులిహోర కలుపుకుని వెళ్లినా, సంచిలో పచ్చి కరివేపాకు రెబ్బలు మాత్రం ఉంచుకోకండి. వాహనాలు మన దేశంలోలాగే ఎడమవైపు నడుస్తాయి. అద్దె ఒప్పందంలో జంతువు తగిలి జరిగే నష్టానికి, మట్టిరోడ్లకు బీమా వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే చదువుకోవాలి. జాతీయ ఉద్యానవనాలన్నింటికీ చెల్లే పాస్ కారుకు ఒకటి తీసుకుంటే సరిపోతుంది.

క్రేడిల్ మౌంటెన్ వద్ద కనీసం రెండు రాత్రులు ఉండాలి. పగటివేళ సందర్శకుల కేంద్రం దగ్గర కారు నిలిపి, ఉద్యానవనం బస్సులో లోపలికి వెళ్లాలి. డవ్ సరస్సు చుట్టూ ఉన్న సుమారు 6 కిలోమీటర్ల బాటను నింపాదిగా నడిస్తే మూడు గంటలు పడుతుంది. కాళ్లలో బలం ఉన్నవారు మేరియన్స్ లుకౌట్ వైపు నిటారు బాట ఎక్కవచ్చు. ఏ బాట పట్టినా మధ్యాహ్నం తరువాత రానీ క్రీక్ దగ్గర దిగి, చివరి బస్సు వేళ ముందే అడిగి తెలుసుకుని, చెక్కబాట మీద కూర్చోవాలి. మబ్బు పట్టిన రోజున వాంబాట్లు పొద్దు గుంకకముందే మేతకు వస్తాయి. పొట్టికాళ్ల మీద బరువైన ఒళ్లు మోసుకుంటూ వచ్చి, తల ఎత్తకుండా గడ్డి కొరుకుతుంటే, గాలి లేనప్పుడు ఆ నమిలే చప్పుడు బాట మీదికి వినబడుతుంది. మేస్తున్నది ఆగి తలెత్తిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారన్న మాట. వెంటనే వెనక్కి జరగండి. బాట పక్క రాళ్ల మీద ఘనాకారపు పెంటికలు కనిపిస్తే అవి వాంబాట్లవే. వాటి పేగు గోడ సాగే గుణం అంతటా ఒకేలా ఉండకపోవడం వల్ల వాటికి ఆ ఆకారం వస్తుంది.

ఈ కొండల్లో నడివేసవిలోనూ మంచు కురవవచ్చు. వానకోటు, ఉన్ని దుస్తులు, తిండి, నీళ్లు ఇద్దరి సంచుల్లోనూ విడివిడిగా ఉండాలి. ఒకరి సంచిలోనే అన్నీ పెడితే, దారిలో విడిపోయినప్పుడు రెండోవారి దగ్గర ఏమీ ఉండదు. ఎన్ని గంటలకు వెనుదిరగాలో బయలుదేరే ముందే ఒప్పుకుని, శిఖరం ఎంత చేరువలో ఉన్నా ఆ మాట మీద నిలబడాలి. నడక వేగాన్ని నెమ్మదిగా నడిచేవారే నిర్ణయించాలి. బాట మొదట్లో పుస్తకం ఉంటే అందులో పేర్లు రాయడం మరువకండి. దీవిలో ఉన్న మూడు జాతుల పాములూ విషసర్పాలే. కనిపిస్తే దారి వదిలి ఆగండి, పాము కరిస్తే చుట్టడానికి సంచిలో సాగే కట్టుగుడ్డ ఉంచుకోండి. అత్యవసర నంబరు 000 గానీ చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు.

తూర్పు తీరంలో ఫ్రేసినే ఉద్యానవనపు వైన్‌గ్లాస్ బే ప్రసిద్ధమైనదే, ఉదయాన్నే వెళితే ఒక పూట చాలు. మిగిలే సమయాన్ని మరియా దీవికి ఇవ్వాలి. ట్రయబన్నా నుంచి పడవలో వెళ్లే ఆ దీవిలో సందర్శకుల వాహనాలూ లేవు, దుకాణాలూ లేవు. డార్లింగ్టన్‌లో ఒకనాటి ఖైదీల భవనంలో పడకలు ముందుగా బుక్ చేసుకుని, తిండి వెంట తీసుకువెళ్లాలి. కారు ప్రసక్తే లేని చోట సాయంత్రమంతా మీదే. ముఖంపై వచ్చే కణితి వ్యాధి 1996లో బయటపడి డెవిల్‌ల సంఖ్య దారుణంగా పడిపోవడంతో, 2012లో ఆరోగ్యంగా ఉన్నవాటిని ఇక్కడ వదిలారు. అవి నిలదొక్కుకున్నాయి, కాని వాటి బారిన పడి దీవిలోని చిన్న పెంగ్విన్ల కాలనీ అంతరించింది. పెంగ్విన్లను చూడాలంటే బ్రూనీ దీవిలోని ద నెక్ అనే సన్నని నేలపట్టీ దగ్గర చెక్కవేదిక మీద, ఎర్రకాగితం చుట్టిన టార్చితో, ఫ్లాష్ లేకుండా నిశ్శబ్దంగా వేచి ఉండాలి.

తప్పనిసరై చీకట్లో కారు నడపవలసి వస్తే వేగం 65 దాటనివ్వకండి; పక్కన కూర్చున్నవారు రోడ్డు అంచులను గమనిస్తూ ఉండాలి. జంతువు తగిలినా, దారిలో చనిపోయినది కనిపించినా, క్షేమంగా ఆపగలిగిన చోట ఆపి దాని కడుపుసంచిని చూడండి. తల్లి పోయినా పిల్ల బతికి ఉండవచ్చు. చనుమొనను పట్టుకుని ఉన్న పిల్లను లాగకూడదు. హోబార్ట్ సమీపంలోని బోనొరాంగ్ వన్యప్రాణి కేంద్రం రాత్రింబవళ్లు నడిపే సహాయ నంబరును బయలుదేరే ముందే ఇద్దరి ఫోన్లలోనూ దాచుకోండి.